సొంతవాక్యంలో అత్తగారు

ఆ రోజు కోసం ధనలక్ష్మి వేసుకున్న ఏర్పాట్లలో ఎవరూ చచ్చిపోవలసిన పని లేదు. పెందలాడే వంట ముగించడం, మొగుణ్ణి కొట్టుకు పంపడం, అత్తగారిని పక్కింట్లో ఏకాదశి భజనకు సాగనంపడం, మధ్యగది కడుక్కుని పదకొండు గంటలకు ఫోను ముందు కూర్చుని ఇంగ్లీషు పరీక్షకు హాజరవడం, అంతే. ఇలాంటి రోజుల్నే దేవుడు ప్రత్యేకంగా ఎంచుకుంటాడు.

ఆమదాలవలసలో కొత్తగా తెరిచిన ఇంగ్లీషు మీడియం స్కూలు ఆఫీసులో, వచ్చేపోయే తల్లిదండ్రులతో మాట్లాడడానికి ఒక మనిషి కావాలి. ధనలక్ష్మి పెళ్ళికి ముందు బి.ఏ. చదివింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ డిగ్రీ ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య నిద్రపోతోంది. స్కూలు హెడ్మాస్టరు ఆవిడ మాటతీరు నచ్చి, "ఇంగ్లీషు వచ్చునని ఒక సర్టిఫికెట్ తెండి, సోమవారం చేరిపోండి" అన్నాడు. ఆ సర్టిఫికెట్ ఇచ్చేవారు శ్రీకాకుళంలో ఉండే శ్రీరామ్ మాస్టారు. ఫోనులోనే పాఠాలు చెబుతారు, ఫోనులోనే పరీక్ష పెడతారు. సర్టిఫికెట్ సంగతి అలా ఉంచి, ఇంట్లో ఇంకో సంతకం కావాలి. గోనెసంచుల వ్యాపారం చేసే భర్త నరసింగరావు, "నాకేటి అభ్యంతరం? మాయమ్మ ఊఁ అంటే సాలు" అని తప్పుకున్నాడు. వాళ్ళమ్మ జగ్గమ్మకు ఎనభై ఏళ్ళు. ఆ ఎనభై ఏళ్ళలో ఆవిడ దేనికైనా మొదటిసారే ఊఁ అన్న దాఖలా లేదు.

"నువ్వు ఆపీసుకి పోతే నాకు మజ్జిగెవుడు సిలుకుతాడే? ఈ వయసులో ఇంగ్లీసు నేర్సుకొని ఎవుణ్ణి ఉద్ధరించాల?" అని ఆవిడ పొద్దున్నే మొదలెట్టింది. ఏకాదశి ఉపవాసం కావడంతో నోటికి వేరే పని కూడా లేదు.

సరిగ్గా అప్పుడే ధనలక్ష్మి, మాస్టారు ఆ వారానికి ఇచ్చిన మాటకు సొంతవాక్యం రాస్తోంది. ఆ వారం మాట 'ప్రాబబుల్'. మాస్టారు దాన్ని బాగానే చెప్పారు. "తాటిచెట్టు కింద కూర్చుంటే నెత్తిన కాయ పడడం పాసిబుల్. ఈదురుగాలి వీస్తూంటే ప్రాబబుల్. పడ్డాక సర్టెన్. ప్రాబబుల్ అనాలంటే చేతిలో ఆధారం ఉండాలి. ముందు ఆధారం రాయండి, తర్వాత మాట వాడండి. మీ ఇంటి సంగతే రాయాలి, నిజమే రాయాలి. కల్పించి రాసినవాళ్ళకి సర్టిఫికెట్ లేదు" అన్నారు. ఈ చివరి షరతు మీద ఆయనకు మహా పట్టుదల.

ధనలక్ష్మి మొదట, మబ్బు పట్టింది కాబట్టి వాన ప్రాబబుల్ అని రాసింది. "వాన వద్దమ్మా, క్లాసంతా వానే కురిపిస్తోంది" అని మాస్టారు తిప్పి పంపారు. మా ఆయన త్వరగా ఇంటికి రావడం ప్రాబబుల్ కాదు అని రాసింది. "ఆధారం?" అని వచ్చింది. ఇదంతా అయ్యేసరికి వసారాలోంచి, "ఆ పోను పట్టుకొని నవ్వుతన్నాది సూడు, ఇంగ్లీసు దొరసాని!" అని జగ్గమ్మ గొంతు ఇంకో మెట్టు లేచింది. ధనలక్ష్మికి ఒళ్ళు మండింది. మంటలో భాష దానంతటదే వచ్చేసింది.

"మై మదర్-ఇన్-లా ఈజ్ ఎయిటీ. షి హాజ్ నాట్ ఈటెన్ సిన్స్ యెస్టర్డే. ద డాక్టర్ షుక్ హిజ్ హెడ్. హర్ సర్వైవల్ ఈజ్ నాట్ ప్రాబబుల్."

అంటే అత్తగారికి ఎనభై నిండాయి, నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు, డాక్టరు తల అడ్డంగా ఊపాడు, ఇక బతికేలా లేదు అని. మొదటి మూడూ అక్షరాలా నిజం. ముట్టనిది ఏకాదశి కాబట్టి. డాక్టరు తల ఊపింది, ఈ కీళ్ళనొప్పులతో సింహాచలం మెట్లెక్కొచ్చా అని ఆవిడ అడిగినప్పుడు. నాలుగోది మాత్రం ధనలక్ష్మి సొంత ఆశయం. ఫోనులో క్లాసు గ్రూపులో పెట్టగానే ఆవిడ కోపం చల్లారింది. తీసేద్దామనుకునేలోపే మాస్టారి జవాబు వచ్చింది. "వెరీ గుడ్! ఆధారాలు అద్భుతం! అందరూ ఇలాగే రాయండి!" పొగిడిన వాక్యాన్ని చెరిపేసుకునే మనిషి ఇంకా పుట్టలేదు. ధనలక్ష్మి ఊరుకుంది.

ఆ క్లాసులోనే చీపురుపల్లిలో ఉండే ఆడపడుచు కూతురు రేఖ కూడా ఉంది. అత్త వాక్యం చదివి ఆ పిల్ల అక్షరాలా నమ్మేసింది. కల్పించి రాస్తే సర్టిఫికెట్ లేదు మరి. పరుగున వంటింట్లోకి వెళ్ళి తల్లి భారతికి తెలుగులో చెప్పింది. భారతి గరిట పక్కన పడేసింది. వెంటనే వదినకు ఫోను చేసింది.

మన వైపు చావుకబురు ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. చెప్పేవాడు ఒక మెట్టు దించి చెబుతాడు, వినేవాడు ఒక మెట్టు ఎక్కించుకుని వింటాడు. 'నలతగా ఉంది' అంటే ఆస్పత్రిలో ఉన్నట్టు. 'సీరియస్' అంటే అయిపోయినట్టు. 'బాగానే ఉంది' అంటే మరీ దారుణం, మనం రైల్లో తట్టుకోలేమని దాస్తున్నట్టు.

"వదినా, అమ్మెలగున్నాది?" అంది భారతి.

"బాగానే ఉన్నాది" అంది ధనలక్ష్మి.

భారతికి కళ్ళు తిరిగాయి. "ఒకపాలి అమ్మకి పోనియ్యి వదినా, గొంతింటాను."

"ఇప్పుడే పడుకున్నాది. నేను లేపను బాబూ, లేపితే నా పరీచ్చ గోవిందా. పదకొండు దాటినాక మాటాడు."

వదిన చివర్న ఏదో పరీక్ష అంది గానీ, అది దేవుడు పెట్టిన పరీక్షేనని భారతి అర్థం చేసుకుంది. ఫోను పెట్టేసి భర్త ధనరాజ్ వైపు చూసింది. "అమ్మని లేపనంటన్నాది. పదకొండు దాటినాకంట."

ధనరాజ్ అనుభవజ్ఞుడు. "పదకొండుకి ఎత్తుతారన్నమాట" అన్నాడు నిట్టూర్చి. "మా నాన్నప్పుడూ ఇలగే. బాగానే ఉన్నాడు, నువ్వు నిదానంగా రా అన్నారు. నేనొచ్చీసరికి గుమ్మంలో పాడె కట్టీసినారు. లే, సీర మార్సుకో, రైలుంది."

రైలెక్కేముందు భారతి కోటబొమ్మాళిలో ఉన్న పిన్ని బుల్లమ్మకు ఫోను చేసి, "అమ్మకి సీరియసంట పిన్నీ" అంది. బుల్లమ్మ జగ్గమ్మకు చెల్లెలు. సీరియసంటే ఏమిటో ఆవిడకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 'ఓ అప్పో' అని అక్కను తలుచుకుని గుండెలు బాదుకుని, ఆ ఊపులోనే ఆమదాలవలసలో కొట్లో ఉన్న నరసింగరావుకు ఫోను చేసింది.

"నాయనా నరసింగా, గుండె రాయి సేసుకోరా! ఎల్లిపోనోలు ఎల్లిపోతారు. మనమేటి సేస్తాం?" అంది. ఆపైన ఏడుపు తన్నుకొచ్చి ఫోను పెట్టేసింది.

నరసింగరావు పాపం ఆలోచించాడు. అమ్మ పొద్దున్నే తనను, తన కొట్టును, తన పెళ్ళాం ఇంగ్లీషును కలిపి తిట్టి పంపింది. కాబట్టి అమ్మ నిక్షేపంలా ఉంది. ఏడ్చింది పిన్ని. పిన్ని మొగుడు గంగరాజు చిన్నాన్నకు చాన్నాళ్ళుగా ఉబ్బసం. లెక్క సరిపోయింది. ఇంటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. పరీక్ష కోసం ధనలక్ష్మి మామూలు ఫోన్లు మోగకుండా పెట్టుకుంది. నరసింగరావు కొట్టు మూసి, దారిలో పెద్ద బంతిపూల దండ కొని, కోటబొమ్మాళి రైలు కోసం స్టేషనుకు పరుగెత్తాడు.

స్టేషనులో అడుగుపెట్టేసరికి అటునుంచి వచ్చిన రైలు ఆగింది. మొదటి పెట్టెలోంచి బుల్లమ్మ దిగింది. పిన్ని ఇక్కడికెందుకు వచ్చిందని అడిగే తీరిక ఆ దుఃఖంలో ఎవరికుంటుంది? ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకుని ప్లాట్‌ఫాం అదిరేలా ఏడ్చారు.

"దిక్కులేనోడివైపోనావురా నాయనా!"

"నీకు నేనున్నాను పిన్నీ! సిన్నాన్న లేడని ఏనాడూ అనుకోకు. నిన్ను నా ఇంట్లోనే ఎట్టుకుంటాను!"

"ఎవుడ్రా లేనిది?" అంటూ వెనక పెట్టెలోంచి గొడుగూ సంచీతో గంగరాజు దిగాడు.

నరసింగరావు రెండడుగులు వెనక్కి వేశాడు. "సిన్నాన్నా! నువ్వు బతికే ఉన్నావేటి?"

"బతక్కేటి సేస్తాను? టికెట్టు కూడా కొనుక్కొన్నాను." గంగరాజు చూపు దండ మీద పడింది. "అది నాకా?"

నరసింగరావు దండను వీపు వెనక్కి తిప్పుకున్నాడు. "మరి... పోయిందెవరు?"

"మీ యమ్మరా, పిచ్చి నాయనా!" అంది బుల్లమ్మ.

"మాయమ్మా? పొద్దున్న నన్ను తిట్టినాది కదా!"

"అదే ఆకరి తిట్టు నాయనా" అని బుల్లమ్మ మళ్ళీ అతని మీద పడి ఏడ్చింది.

ఇంటికి ఫోను చేస్తే ఎందుకు ఎత్తలేదో నరసింగరావుకు అప్పుడు బోధపడింది. ఒక్కగానొక్క కొడుకు, తట్టుకోలేడని దాచారు. చిన్నాన్న కోసం కొన్న దండ అమ్మకు పనికొస్తోందని ఆటోలో దారంతా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇక్కడ ఇంటి సంగతి కూడా చెప్పాలి. జగ్గమ్మ ఒక కునుకు తీసి లేచి, పెరటి దారిన పక్కింటికి భజనకు వెళ్ళింది. ఆ ఇంటాయన అనంతపద్మనాభం గారిది తరతరాలుగా దేవుడి కొలువులో పాడిన వంశం. ఆయన ఏకాదశి భజన ఎత్తుకుంటే మంగళహారతి దాకా ఎవరినీ లేవనివ్వడు. అత్తగారు అటు వెళ్ళగానే ధనలక్ష్మి మధ్యగదిలో పనికి దిగింది. అది జగ్గమ్మ గదే. కానీ ఫోను సిగ్నలు ఆ ఇంట్లో అక్కడే బాగుంటుంది. వెనకాల అత్తగారి మంచం కనిపిస్తే మాస్టారు ఏమనుకుంటారోనని, దాన్ని ఈడ్చుకొచ్చి వీధివసారాలో గోడకు నిలబెట్టింది. పరుపు అరుగు మీద ఎండలో వేసింది. గది కడిగితే నీళ్ళు గుమ్మం దాటి మెట్ల మీదుగా వీధిలోకి పారాయి. పరీక్ష కదా అని దీపం పెట్టి రెండు అగరొత్తులు వెలిగించింది. తర్వాత ఇస్త్రీచీర కట్టుకుని, తలుపు గడియ వేసుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని పాత పాఠాలు వింటూ మాస్టారి పిలుపు కోసం కూర్చుంది.

ఆ మంచాన్ని మొదట చూసింది భారతి.

నిలబెట్టిన మంచం, ఎండలో పరుపు, కడిగిన నీళ్ళు, మూసిన తలుపు వెనకనుంచి అగరొత్తుల వాసన. ఎవరు పోయిన ఇల్లయినా ఇంతకంటే వేరుగా ఉండదు. "అయ్యో! అప్పుడే తీసుకుపోనారా!" అని భారతి గుమ్మంలోనే కూలబడింది. ఆ కేక విని వీధి వీధంతా వచ్చింది. వచ్చినవాళ్ళు మంచం చూశారు, భారతిని చూశారు, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. పరామర్శకు వచ్చి ఏమైందని అడిగేవాడు మన వైపు మనిషి కాదు.

రేఖ తలుపు తట్టబోతే ధనరాజ్ ఆపాడు. "ఒద్దమ్మా. మీ యత్త లోపల కుమిలిపోతన్నాది. కదపకండి."

నరసింగరావు, బుల్లమ్మ, గంగరాజు ఆటో దిగారు. మంచం చూడగానే నరసింగరావు దండతో సహా దాని మీద పడ్డాడు. భారతి ఏడుపు ఆపి లేచింది.

"గంట ఆగలేకపోనావా అన్నయ్యా? కన్నకూతుర్ని! ఆకరిసూపు దక్కనీకుండా తీసుకుపోయి సేసీసినావు!"

"నేనెక్కడ తీసుకెల్లానే? నాకూ సెప్పలేదే!"

"నీకే సెప్పకుండా నీ తల్లిని ఎవుడు తీసుకెల్లాడు?"

"నన్నడుగుతావేటి? నువ్వు ముందొచ్చినావు!"

ఈ గొడవ మధ్యలో శ్రీరామ్ మాస్టారు వచ్చారు. ఆయన చేసిన తప్పు ఆయనకు ఆలస్యంగా తెలిసింది. 'పాపం ఆవిడ అత్తగారు పోతుంటే వెరీ గుడ్ ఏమిటి సార్, అందరూ ఇలాగే రాయమనడం ఏమిటి సార్' అని క్లాసులో ఎవరో గట్టిగానే గడ్డిపెట్టారు. ఆయన పరీక్ష సంగతి మరిచిపోయి, సిగ్గుతో చితికిపోయి, రేఖను ఫోనులో అడిగి ఇల్లు కనుక్కుని శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చేశారు. నేరుగా నరసింగరావు చేతులు పట్టుకున్నారు.

"నన్ను క్షమించాలి. మీ అమ్మగారి విషయంలో నేను వెరీ గుడ్ అన్నాను."

నరసింగరావు ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. "పర్నేదండి" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "ఆవిడతో పడ్డవోలు సానామంది అలగే అనుకుంటారు."

అందరికంటే వెనక గంగరాజు గొడుగు మీద గడ్డం ఆనించుకుని ఆలోచిస్తున్నాడు. "అది సరేగానీ, కొడుకిక్కడ, అల్లుడిక్కడ. తలకొరివి ఎవుడెట్టాడ్రా?" అన్నాడు. ఏడుపుల్లో ఆ ప్రశ్న కొట్టుకుపోయింది.

ఆ వేళకే పక్కింట్లో మంగళహారతి అయింది. జగ్గమ్మ ప్రసాదం దొన్నె పట్టుకుని పెరటి దారిన ఇంట్లోకి వచ్చింది. చూస్తే వసారా నిండా జనం, అందరి కళ్ళలో నీళ్ళు. కానీ ఆవిడా ఈ దేశపు మనిషే. ఏమైందని అడగలేదు. ప్రసాదం గూట్లో పెట్టి, చెంగు తల మీదకు లాక్కుని, ఆడవాళ్ళ వెనక వరసలో కూర్చుని ఏడవడం మొదలెట్టింది. ముందున్న బుల్లమ్మ వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి, "ఊరుకో అమ్మా ఊరుకో" అని ఓదార్చింది.

ఏడుస్తూనే జగ్గమ్మ లెక్క చూసుకుంది. కొడుకున్నాడు. కూతురుంది, అల్లుడున్నాడు, మనవరాలుంది. చెల్లెలు కోటబొమ్మాళి నుంచి వచ్చిందంటే చిన్న విషయం కాదు. ఎవరు లేరు? కోడలు లేదు. తన మధ్యగది తలుపు మూసి ఉంది, మంచం బయట ఉంది, దండ పట్టుకుని కొడుకు కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నాడు. జగ్గమ్మ నోట్లోంచి ఒక్కసారిగా వచ్చిన రాగం అనంతపద్మనాభం గారి ఇంటిదాకా వినిపించింది.

"ఓ నా కోడలా! ఓ నా ధనలచ్మీ! పొద్దున్న ఇంగ్లీసు దొరసానని తిట్టీసినానే! ఆ మాట మనసులో ఎట్టుకొని ఎల్లిపోనావేటే! ఉద్దోగం సేసుకుంతానంటే వొద్దన్నానే, మజ్జిగ కోసం కాదే తల్లీ! పొద్దల్లా ఈ ఇంట్లో ఒక్కర్తినీ ఒగ్గేసి పోతావని బయమేసి వొద్దన్నానే! సేసుకోయే, ఆ ఉద్దోగం సేసుకోయే! నువ్వు లేకపోతే నాతో దెబ్బలాడీవోలెవులే!"

వసారాలో ఏడుపులన్నీ టక్కున ఆగిపోయాయి. బుల్లమ్మ మెల్లగా తల తిప్పింది. చూసింది. కెవ్వుమని అరిచి గంగరాజు గొడుగు వెనక దాక్కుంది.

లోపల ధనలక్ష్మి, పదకొండు దాటినా మాస్టారు పిలవకపోవడంతో చెవుల్లో తీగలు తీసింది. తన పేరు మీద శోకం వినిపించింది. మొదట భయపడింది. తర్వాత మాటలు విన్నది. ఇన్నేళ్ళుగా ఆ అత్తగారికి తన అవసరం మజ్జిగ మట్టుకేనని నమ్మిన మనిషి, ఫోను పక్కన పడేసి లేచింది. గడియ తీసేసరికి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"అత్తా, నేనున్నాను. ఏడవకు" అంది.

జగ్గమ్మ రాగం ఆపింది. లేచి వెళ్ళి కోడలి రెండు బుగ్గలూ తడిమి చూసింది. ఆ తర్వాత అందరి వైపు తిరిగింది.

"ఇది బతికే ఉన్నాది. మరి మీరంతా ఎవుల కోసం ఏడుస్తన్నారు?"

అందరూ ఇంటి కప్పు చూశారు. చివరికి గంగరాజే ధైర్యం చేశాడు. "నీ కోసమే వదినా."

విచారణ అక్కడే జరిగింది. నరసింగరావు పిన్నిని చూపించాడు. పిన్ని భారతిని చూపించింది. భారతి కూతుర్ని, రేఖ ఫోన్లో వాక్యాన్ని, వాక్యం కింద వెరీ గుడ్ అన్న మాస్టారిని చూపించింది. మాస్టారు ధనలక్ష్మి వైపు చూశారు.

"ఏటి రాసినావే నా మీద?" అంది జగ్గమ్మ. ఆ గొంతులో ఇందాకటి రాగం లేదు. "తెలుగులో సెప్పు."

ధనలక్ష్మి చెప్పింది. దాస్తే రేఖ చెబుతుందని ఆవిడకు తెలుసు. మొదటి మూడు ముక్కలూ గట్టిగా, నాలుగో ముక్క చీమలకు వినబడేంత గొంతుతో. జగ్గమ్మకు చీమ నడిచినా వినిపిస్తుంది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ప్రాణాపాయం లేదని తెలిశాక ఆయనలో ఉపాధ్యాయుడు తిరిగి లేచాడు. "అంటే కల్పించి రాశారన్నమాట. అమ్మా, నా నియమం మీకు తెలుసు. సర్టిఫికెట్ ఎలా ఇవ్వను?"

"ఆధారాలు మూడూ నిజమేనండి మాస్టారూ" అంది ధనలక్ష్మి. సోమవారం, స్కూలు, ఆ ఆఫీసులో బల్ల, అన్నీ కళ్ళ ముందే కరిగిపోతున్నాయి.

"ఏకాదశి అన్న ముక్క మింగేశారు. సగం దాచి చూపించేది ఆధారం కాదమ్మా, చాడీ." ఆయన కొంచెం మెత్తబడ్డారు. "ఇంత దూరం వచ్చాను. ఒక్క అవకాశం ఇస్తాను. పరీక్ష ఇక్కడే. కళ్ళ ముందున్న నిజం, దాచకుండా. ఆధారం ముందు, మాట తర్వాత. చెప్పండి."

ఊరంతా చూస్తుండగా ఇంగ్లీషు మాట్లాడడం ధనలక్ష్మికి జీవితంలో మొదటిసారి. ఆధారం కోసం చుట్టూ చూసింది. జగ్గమ్మ అప్పటికే తలుపు మూలకు వెళ్ళి చీపురు అందుకుంది.

ధనలక్ష్మి మొదలెట్టింది. "మై మదర్-ఇన్-లా ఈజ్ ఆంగ్రీ. షి హాజ్ ఎ బ్రూమ్ ఇన్ హర్ హాండ్. మై హస్బెండ్ ఈజ్ నాట్ స్టాపింగ్ హర్. మై డెత్ ఈజ్ ప్రాబబుల్."

మాస్టారు చీపురును చూశారు. నరసింగరావును చూశారు. అతను నిజంగానే ఆపడం లేదు. "పాస్" అన్నారు. "ఇంత గట్టి ఆధారం నేనింతవరకూ చూడలేదు."

రేఖ తెలుగులో చెప్పేసరికి వసారా గొల్లుమంది. ఏడవడానికి వచ్చినవాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు. జగ్గమ్మ మూతి కూడా ఒక పక్కకు వంకర పోయింది గానీ, ఆవిడ దాన్ని వెంటనే సరిచేసుకుంది.

ఇదే అదనని నరసింగరావు, "ఇందాకా ఏడుస్తూ ఉద్యోగం సేసుకోమన్నావు కదమ్మా. ఊరంతా ఇన్నారు" అన్నాడు.

"సచ్చిపోనాదనుకొని అన్న మాటలు లెక్కలోకి రావు" అంది జగ్గమ్మ.

ధనలక్ష్మి ముఖం పాలిపోయింది. వంటింటి వైపు తిరిగింది. ఈ పూటకు ఇంతమందికి అన్నం వండాలి కదా. జగ్గమ్మ ఆ వీపును చూస్తూ చీపురు కింద పెట్టింది. నిలబెట్టిన మంచాన్ని దించమని అల్లుడికి సైగ చేసి, దాని మీద కూర్చుని మాస్టారి వైపు తిరిగింది.

"బాబూ, ఈ గుంట రోజూ ఇలగే ఒకటి రాయాలేటి?"

"క్లాసులో ఉన్నన్నాళ్ళూ రాయాలమ్మా."

"ఇంటి సంగతే రాయాలా?"

"ఇంటి సంగతే. అది నా నియమం."

"మరి ఇస్కూల్లో ఉద్దోగంలో సేరిపోతే?"

"చేరితే ఇంక క్లాసు అవసరం ఏముందమ్మా? ఆ ఇంగ్లీషంతా అక్కడే ఖర్చయిపోతుంది."

జగ్గమ్మ వసారా అంతా కలయజూసింది. ఎదురుగా కన్నకూతురు, చెల్లెలు, మరిది, ఊరు. ఒక్క వాక్యానికి ఇంతమంది తరలివచ్చారు.

"ఓసే ధనలచ్మీ!" అని కేక వేసింది. "సోమారం ఎందుకే, రేపే పో. మజ్జిగ నేను సిలుక్కుంటాను. నీ ఇంగ్లీసు ఇంట్లో ఉంటే నా పేణానికి మంచిది కాదు."

అప్పట్నుంచి జగ్గమ్మ ఆరోగ్యం నిలకడగా ఉంది.